పిల్లుల పెంపకంపై మంత్రిగారి సూచనలు

పిల్లుల క్షేమమే ప్రజల క్షేమమని మంత్రిగారు ప్రకటించారు. ఎలాగని ఎవరూ అడగలేదు. పిల్లిని పెంచుకునేవారికి రోజువారీ సూచనలతో స్వయంగా ఓ పుస్తకం రాస్తున్నానని కూడా సెలవిచ్చారు. ఆ మాటతో ఆయన పీఏ గుండెల్లో రాయి పడింది. మంత్రిగారు స్వయంగా రాయడమంటే పీఏ కూర్చుని రాయడమే.

"నాకు పిల్లుల గురించి ఏమీ తెలీదండీ" అన్నాడు పీఏ.

"తెలిసినవాళ్లు బయట చాలామందే ఉన్నారయ్యా, నీ కుర్చీ కోసం."

ఆ కుర్చీ అంటే పీఏకి ప్రాణం. ఏళ్ల తరబడి అతను దగ్గరుండి మేపి, నిద్రపుచ్చి, అలక తీర్చినది మంత్రిగారిని ఒక్కరినే. ఇంకేం, ఆయన్నే తలచుకుని రాసిపడేశాడు.

పిలవకండి, పిలిస్తే రాదు. తింటున్నంతసేపూ పక్కన చేతులు కట్టుకుని నిలబడండి. మధ్యాహ్నం నిద్ర లేచాక మొహం చూసి గానీ నోరు విప్పకండి. అది తప్పు చేస్తే పక్కనున్నవాళ్లని కసరండి. రోజూ పొగడండి, మోతాదు మించుతుందన్న భయం అక్కర్లేదు.

పుస్తకం వేడివేడి పకోడీల్లా అమ్ముడుపోయింది. మూగజీవుల మనసెరిగిన నేత అని పేపర్లు రాశాయి. మంత్రిగారికి హుషారొచ్చి, ఓ ఇంట్లో కెమెరాల ముందు సూచనలు రుజువు చేస్తానన్నారు. పీఏ తన పక్కింటి పిన్నిగారింటికి తీసుకెళ్లాడు. ఆవిడా, ఓ చారల పిల్లీ, అంతే ఆ ఇంట్లో.

"ఇప్పుడు పిలుస్తాను. రాదు, చూడండి" అన్నారు మంత్రిగారు. "బుజ్జీ."

పిల్లి పరుగున వచ్చి ఆయన ఒళ్లో పడుకుంది. కెమెరాల వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

మంత్రిగారు పీఏని వరండాలోకి లాక్కెళ్లారు. "ఏమిటయ్యా ఇది?"

"పిలిస్తే వస్తాయేమోనండీ. పుస్తకం కాస్త సవరిస్తే..."

"పుస్తకం అచ్చయిపోయింది. పిల్లిని సవరించు. వారంలో మళ్లీ వస్తాను. లేకపోతే ఆ కుర్చీ సంగతి మర్చిపో."

పిన్నిగారు బతిమాలారు. "ఒంటిదాన్ని బాబూ. సాయంత్రం అది ఒళ్లో పడుకుంటేనే నాకు పొద్దుపోయేది."

"ఒక్క వారం ఓర్చుకోండి పిన్నిగారూ" అన్నాడు పీఏ.

ఆ వారమంతా పిల్లి పాలు తాగుతుంటే పీఏ చేతులు కట్టుకుని నిలబడ్డాడు. దాని మీసాలను పొగిడాడు. అది గ్లాసు పగలగొడితే పిన్నిగారిని కసిరాడు. పిల్లికి ఈ పద్ధతి బాగా నచ్చింది.

మంత్రిగారు మళ్లీ వచ్చి పిలిచారు. పిల్లి ఓ కన్ను తెరిచి, ఆయన్ని ఎగాదిగా చూసి, గోడవైపు తిరిగి పడుకుంది. విలేకరులు చప్పట్లు కొట్టారు. కుర్చీ దక్కింది.

మర్నాడు పిన్నిగారు పాలగిన్నె పట్టుకుని పీఏ గుమ్మంలో నిలబడ్డారు.

"నేను పిలిచినా రావట్లేదు బాబూ. ఒళ్లోకి తీసుకుంటే దూకి పోతోంది."

పీఏకి నిజంగానే జాలేసింది. "అలవాటైపోయిందండీ. ఇక రాదేమో."

పిన్నిగారు పాలగిన్నె కింద పెట్టారు.

"పోనీ, ఎన్నికలప్పుడైనా వస్తుందా?"