గంగాధరం అవకాశాలపై తీర్మానం

సైకిలు పందెంలో గెలుపోటములను కాళ్లు నిర్ణయిస్తాయన్న అభిప్రాయం పుంగనూరులో ఎప్పుడో రద్దయిపోయింది. ఆ పనికి అక్కడ ఒక సమితి ఉండేది.

తొంభైల చివర్లో ఏటా మదనపల్లె నుంచి పుంగనూరు దాకా పందెం జరిగేది. ఏటా కుప్పం మునిచంద్ర గెలిచేవాడు. ఏటా పుంగనూరు గంగాధరం రెండోవాడు. సాయంత్రం విత్తనాల అంగడి కట్టేసి సదుం రోడ్డు మీద చెమటలు కక్కుతూ సాధన చేసే గంగాధరానికి, ఒక్కసారైనా సొంతూరి జనం ముందు మొదట గీత దాటాలని ఆశ. ఇంక ఎక్కువ ఏళ్లు లేవని మోకాళ్లు చెప్తూనే ఉన్నాయి.

ఈ ఆశ సమితి చెవిన పడింది. రిటైరైన బస్సు కండక్టరు రెడ్డెప్ప అధ్యక్షతన, టీ అంగడి బెంచీల మీద, 'విజయావకాశాల నిర్ధారణ సమితి' రోజూ సాయంత్రం కొలువుదీరింది. (అధ్యక్షుడికి సైకిలు తొక్కడం రాదు. అందుకే ఆయన నిష్పాక్షికతను ఎవరూ శంకించలేదు.) పోటీదారు వాదన కూడా వినడం ధర్మమని గంగాధరాన్నీ సభ్యుడిగా చేర్చుకున్నారు. అతను పొంగిపోయాడు. సాధన మానేసి సమావేశాలకు హాజరయ్యాడు.

"మునిచంద్రది గుర్రం గుండెకాయప్పా," అన్నాడు టమోటా మండీ వరదరాజులు. "మనోడిది మనిషిది."

"మనోడికి పట్టుదల ఉండాది గదా?" తన తరఫున తనే అడిగాడు గంగాధరం.

"ఉండాది. యాడుండాదో సూపించు," అన్నాడు రెడ్డెప్ప.

చూపించలేకపోయాడు. కంటికి కనబడని వాటిని లెక్కలోకి తీసుకోరాదని అధ్యక్షుడు రూలింగిచ్చాడు.

గంగాధరం న్యాయంగా ఆలోచించే మనిషి. వినగా వినగా ఆ వాదనల్లో బలం కనిపించసాగింది. ఎవరూ గమనించని తన పిక్కల లోపాన్ని తనే లేచి ఎత్తిచూపి, సభ మెప్పు పొందాడు. ఓటింగు రోజు 'అవకాశం లేదు' అన్నవైపు లేచిన చేతుల్లో అన్నిటికన్నా పైకి లేచింది అతనిదే. తీర్మానం ఏకగ్రీవం.

పందెం పొద్దున భార్య సిద్ధమ్మ వాకిట్లో నిలదీసింది. "ఓడిపోతావని నువ్వే చెయ్యెత్తితివంట. మళ్లా యాల పోతాండావు?"

"అది సభ్యుడిగా ఎత్తినానే. తొక్కేది వేరే హోదాలో."

"రెండు హోదాలకీ కాళ్లు ఒకే జత గదప్పా!"

పుంగనూరు ముందరి ఎత్తు మీద మునిచంద్ర సైకిలు చైను ఊడిపోయింది. అతను దిగి దానితో కుస్తీ పడుతుండగా గంగాధరం పక్కనుంచి దాటిపోయాడు. ఎదురుగా రోడ్డు ఖాళీ. మునిచంద్ర వీపు లేని రోడ్డును అతను పుట్టాక చూసి ఎరగడు. గీత కనబడుతోంది. సమితి ట్రాక్టరు ట్రాలీ మీద నిలబడి ఉంది.

"గంగాధరం!" రెడ్డెప్ప అరిచాడు. "ఇది తీర్మానానికి విరుద్ధం!"

గంగాధరం తిరగబడే రకం కాదు. చైను సంగతి చర్చకే రాలేదే, మరి ఏ వాదన తప్పినట్టు అని ఆలోచనలో పడ్డాడు. కాళ్లు కూడా ఆలోచనలో పడ్డాయి. ఈలోగా చైను తగిలించుకున్న మునిచంద్ర రివ్వున దూసుకుపోయి గీత దాటాడు.

అంచనా అక్షరాలా నిజమైనందుకు సమితి తన సభ్యులందరికీ దండలు వేసింది. గంగాధరానికి పెద్ద దండ. జిడ్డు చేతులతోనే మునిచంద్ర వచ్చాడు.

"యాల నిదానించితివన్నా? ఈసారి నీదే అనుకుంటిని."

"నిదానించలేదప్పా," అన్నాడు గంగాధరం, మొహం దండలోకి దించుకుని. "పరిశీలిస్తా ఉంటిని."

మరుసటేడు మునిచంద్ర బెంగుళూరులో ఉద్యోగం దొరకడంతో పందేలు మానేశాడు. ఆ ఏటి పందేనికి పేరిచ్చింది గంగాధరం ఒక్కడే. సమితి అత్యవసరంగా సమావేశమై, సుదీర్ఘంగా చర్చించి, అతనికి సగం అవకాశం ఉందని తేల్చింది. అంత ఎక్కువ అంచనా వేయడం తొందరపాటవుతుందేమో, మరోసారి ఆలోచించమని సభ్యుడు గంగాధరం సభను కోరాడు.