బావమరిది మోసిన మాటలు

శనివారం ఉదయం ఆరింటికి ఇంటి దగ్గర బయలుదేరడం, తొమ్మిదింటికి లోయ అంచున గార్డు గదిలో పర్మిట్ చూపించడం, సాయంత్రం నాలుగింటికల్లా అడుగున ఏటి ఒడ్డున గుడారం వేయడం, ఆదివారం మధ్యాహ్నానికి మళ్లీ పైకి వచ్చి కారెక్కడం. ఇదీ ప్లాను. సర్వేయరు దీన్ని గళ్ల కాగితం మీద గీసి ఫ్రిజ్ తలుపుకి అంటించాడు. ప్లానులో రాయనిది ఒక్కటే. ఆయనా, ఆయన భార్య టీచరమ్మా పదకొండు రోజులుగా మాట్లాడుకోవడం లేదు.

ఆ ఎడారి లోయలోకి శరత్తులోనే వెళ్లాలి. ఎండాకాలం వెళ్తే మాడిపోతారు, చలికాలం వెళ్తే బిగుసుకుపోతారు. అందుకని పర్మిట్లు ఆరు నెలల ముందే అయిపోతాయి. వీళ్లు కూడా ఆరు నెలల కిందటే, ఇద్దరి మధ్యా మాటలున్న రోజుల్లో, ముగ్గురికి తీసుకున్నారు. తర్వాత టీచరమ్మకి ఆరు గంటల రైలు దూరంలో ఉన్న ఊళ్లో హెడ్మిస్ట్రెస్ ఉద్యోగం వచ్చింది. చేరుతున్నదీ లేనిదీ సోమవారం ఉదయం పదింటిలోగా ఫోను చేసి చెప్పాలి. ఆమె వెళ్లిపోతే ఇల్లు ఎలా ఉంటుందో తలుచుకుంటేనే సర్వేయరుకి కాళ్లూ చేతులూ ఆడటం లేదు. కానీ ఆ సంగతి ఆమె ముందు నిలబడి చెప్పడం ఆయన వల్ల కాదు. ఈ రెండు రోజుల్లో ఆమె తనంతట తానే మనసు మార్చుకోకపోతుందా అని ఆశ. పర్మిట్ చింపెయ్యకపోవడానికి కారణం అదే.

మూడో మనిషి టీచరమ్మ తమ్ముడు. వాషింగ్ మెషీన్లు తయారుచేసే ఒక కంపెనీలో, ఫిర్యాదుల విభాగంలో పద్నాలుగేళ్లుగా గుమాస్తా. వచ్చిన ఉత్తరాల సారాంశం రాసి పై అధికారులకి పంపడం అతని పని. పై అధికారులకి కటువైన మాటలు పడవు. "మీ మెషీను నా బట్టల్ని పేలికలు చేసింది, వచ్చి మీ ఆఫీసుకి నిప్పంటిస్తాను" అని ఎవరైనా రాస్తే, "వినియోగదారు వస్త్రాల విషయంలో స్వల్ప అసౌకర్యానికి గురై, మన కార్యాలయాన్ని సందర్శించాలన్న ఆసక్తి కనబరిచారు" అని ఇతను రాస్తాడు. అది అబద్ధం కాదనీ, సర్దుబాటనీ అతని నమ్మకం. అక్కా బావల మధ్య మాటలు మోసే పని కూడా అతనిదే. ఇద్దరికీ ముఖాముఖి మాట్లాడుకోవడం కన్నా అదే సుఖంగా ఉండేది కాబట్టి, మాటలున్న రోజుల్లోనూ ముఖ్యమైనవన్నీ వంటింటికీ ముందుగదికీ మధ్య అతని ద్వారానే నడిచాయి.

కారులో ముగ్గురూ ఒకచోటే ఉంటారు గనుక అతనికి పని లేకపోయింది. మూడు గంటలూ ఎవరూ నోరు మెదపలేదు.

గార్డు పర్మిట్ చూసి, నియమాల కాగితం ఒకటి చేతికిచ్చాడు. సర్వేయరు దాన్ని చూడనైనా చూడలేదు. ఆయన గోడ మీది మ్యాపులో తప్పులు వెతుకుతున్నాడు. తను కొలవని మ్యాపుని ఆయన నమ్మడు. టీచరమ్మ మాత్రం బల్ల ముందు కూర్చుని పందొమ్మిది నియమాలూ చదివింది. పదకొండోదాని కింద ఎర్ర పెన్నుతో గీత గీసింది. "లోయలో రాళ్లు పేర్చి దారి గుర్తులు పెట్టరాదు. పెట్టినవి కనిపించినచో పడగొట్టవలెను."

దిగడం మొదలైంది. సర్వేయరు ముందు, ఆయన వెనక నలభై అడుగుల దూరంలో బావమరిది, అతని వెనక ఇంకో నలభై అడుగుల్లో టీచరమ్మ. రెండు పక్కలా ఎర్రరాతి గోడలు, పైన పట్టెడు ఆకాశం, కింద సన్నటి ఏరు, ఏటి పొడుగునా ఆకులు పసుపెక్కిన చెట్లు. చూడ్డానికి బాగానే ఉంది గానీ, ప్రతి మలుపులోనూ ఒక పక్క లోయ చీలుతుంది. అన్నీ ఒకేలా ఉంటాయి. అవేవీ మ్యాపులో లేవు. అందుకని సర్వేయరు ప్రతి చీలిక దగ్గరా ఆగి మూడు రాళ్లు ఒకదాని మీద ఒకటి పేర్చాడు. ఇరవై ఆరేళ్ల ఉద్యోగంలో వెనక గుర్తు పెట్టకుండా ఆయన ముందుకి కదిలింది లేదు.

మూడో మలుపులో టీచరమ్మ తమ్ముణ్ణి ఆపింది.

"ఆ మనిషికి చెప్పు. రాళ్లు పేర్చకూడదని కాగితంలో ఉంది. నేను ఒక్కొక్కటీ పడగొట్టుకుంటూ వస్తున్నాను."

తమ్ముడు వేగంగా నడిచి బావని అందుకున్నాడు. "బావా, నువ్వు పెట్టిన గుర్తులు అక్క ఒక్కొక్కటీ చూసుకుంటూ వస్తోంది."

సర్వేయరు ఆగిపోయాడు. ఇన్నేళ్లలో ఆయన చేసిన పనిని ఆమె ఆగి చూసింది లేదు. అక్కణ్ణుంచి మూడు రాళ్లు అయిదయ్యాయి, అయిదు ఏడయ్యాయి. చదునైన వాటిని ఏరి, నున్నటి వైపు ఆమెకి కనబడేలా తిప్పి పెట్టాడు. పని మీద పని పడుతున్నకొద్దీ టీచరమ్మకి ఒళ్లు మండింది. వద్దని చెప్పించాక ఇంకా పెద్దవి కడుతున్నాడంటే అది కావాలని చేస్తున్నదే. ఆమె పడగొట్టి ఊరుకోకుండా, రాళ్లని దూరంగా ఏట్లోకి విసిరింది. చేతులు నొప్పి పుట్టాయి. అయినా ఒక్కటీ వదల్లేదు.

సాయంత్రం గుడారం వేస్తూ సర్వేయరు బావమరిదితో చెప్పాడు. "రేపు తనని ముందు నడవమను. గుర్తులున్నాయి కాబట్టి తను కూడా తప్పిపోదు."

ఏటి దగ్గర గిన్నె కడుగుతున్న అక్క దగ్గరికి అతను వెళ్లాడు. "అక్కా, రేపు నిన్నే ముందు నడవమంటున్నాడు బావ. అంత నమ్మకం నీ మీద."

టీచరమ్మ కడిగిన గిన్నెనే మళ్లీ కడిగింది. "నిజంగా అన్నారా?" అని అడిగింది.

"అన్నాడు."

ఆ సాయంత్రం సర్వేయరు కప్పులో కాఫీ అడక్కుండానే నిండింది. తమ్ముడికి కడుపు నిండిపోయింది. ఒకరు గుర్తులు పెట్టిన సంగతీ, ఒకరు వాటిని పడగొట్టిన సంగతీ రెండూ అతనికి తెలుసు. కానీ వచ్చిన రెండు కాగితాల్ని పక్కపక్కన పెట్టి చదవడం అతని విభాగం పని కాదు. పైగా బావ సర్వేయరు. దారి ఆయనకి తెలియకపోవడమేమిటి?

ఆదివారం ఉదయం టీచరమ్మ ముందు నడిచింది. చీలిక వచ్చిన ప్రతిచోటా ఒక్క క్షణం ఆగి, తనకి తోచిన వైపు తిరిగింది. తప్పయితే వెనకనుంచి ఆయన ఆపకపోతాడా అనుకుంది. గుర్తు చూసుకునే తిరుగుతోంది కదా అని సర్వేయరు కిందికి చూడకుండా, గోడల ఎత్తు కళ్లతో కొలుచుకుంటూ దర్జాగా వెనక నడిచాడు. మధ్యాహ్నం ఒంటిగంటకి ముగ్గురూ ఒక నిలువు రాతిగోడ ముందు నిలబడ్డారు. ఏరు ఎప్పుడో వదిలేసింది. అయిదు నీళ్ల సీసాల్లో నాలుగు ఖాళీ.

"గుర్తేదని అడుగు," అన్నాడు సర్వేయరు.

బావమరిది ముందుకి నడిచాడు. "అక్కా, ఈ చోటు నీకు నచ్చిందా అని అడుగుతున్నాడు."

"నచ్చడానికేముంది, నా మొహం. దారేదని అడుగు ఆయన్ని."

అతను వెనక్కి నడిచి, "కాసేపు ఇక్కడ కూర్చుందామంటోంది బావా" అన్నాడు. కానీ ఎదురుగా ఉన్న రాతిగోడకి ఫిర్యాదుల విభాగంలో అనుభవం లేదు. అది అప్పటికే టీచరమ్మ అన్న మాటని అన్నట్టుగానే సర్వేయరుకి వినిపించేసింది.

"దారి నన్నడుగుతుందేం?" అని ఆయన గట్టిగా అన్నాడు. "గుర్తులు చూసుకుంటూ వస్తున్నది తను కదా."

టీచరమ్మ వెనక్కి తిరిగింది. "ఏ గుర్తులు?"

పదకొండు రోజుల తర్వాత అదే మొదటి మాట.

"నేను పెట్టినవి."

"అవన్నీ నిన్ననే పడగొట్టాను. వీడితో చెప్పించాను కదా."

"పడగొట్టావా?"

"ఒక్కటి మిగల్లేదు."

ఇద్దరూ ఒకేసారి అతని వైపు తిరిగారు. "చూసుకుంటూ వస్తోందన్నాను బావా," అన్నాడు అతను తల దించుకుని. "చూడకుండా ఎలా పడగొడుతుంది?"

టీచరమ్మ మొహం ఎర్రబడింది. "మరి ఎండాకాలంలో, నేను అప్లికేషన్ పెడుతున్నానని చెప్పమంటే ఏమని చెప్పావు?"

"కాస్త మార్పు కోరుకుంటోందని."

"అందుకేనా ముందుగదికి నీలం రంగు వేయించారు?"

"అందుకే," అన్నాడు సర్వేయరు. "నీకు మార్పు కావాలన్నాడుగా."

"నన్నడక్కుండా నీలమా?"

అక్కణ్ణుంచి ఇంక ఆపేవాళ్లు లేరు. రంగు దగ్గర మొదలై, కిటికీ తెరల మీదుగా, ఆయన చెల్లెలి పెళ్లిలో ఎవరు ఎవర్ని పలకరించలేదన్నదాకా ఇరవై రెండేళ్లూ వెనక్కి వెళ్లారు. గోడ ప్రతి మాటనీ రెండుసార్లు చెప్పింది. చివరికి సర్వేయరు గొంతు జీరపోయింది. "ఉద్యోగం వచ్చిందని తెలిసిన రోజునే వెళ్లొద్దని చెప్పమన్నాను. అయినా నువ్వు ఆగిపోతానని కబురు పెట్టలేదు. పదకొండు రోజులు చూశాను."

టీచరమ్మ టక్కున ఆగిపోయింది. "వెళ్లొద్దన్నారా? నీ ఇష్టం అన్నారని చెప్పాడు వీడు."

ఆమె ఇంకేమీ అనలేదు. ఆ మౌనం చూసి సర్వేయరుకి ప్రాణం లేచొచ్చింది. సంగతి ఇన్నాళ్లకి ఆమెకి చేరిందనుకున్నాడు.

ఇంతలో మలుపు తిరిగి గార్డు వచ్చాడు. "తప్పిపోయినవాళ్లు ఈల వేస్తారు, అద్దం తళుక్కుమనిపిస్తారు," అన్నాడు నీళ్ల సీసా అందిస్తూ. "మిమ్మల్ని మాత్రం రెండు మలుపుల అవతల నుంచి విన్నాను. నీలం రంగు నాకూ పడదమ్మా."

పైకి చేరేసరికి పొద్దువాలింది. సర్వేయరు కారు పక్కన టీచరమ్మకి ఎదురుగా నిలబడ్డాడు. దారంతా ఆ మాటనే కూడగట్టుకుంటూ వచ్చాడు.

"ఇక వీడితో చెప్పించను. నేనే చెబుతున్నాను. వెళ్లొద్దు."

"ఇవాళ మధ్యాహ్నందాకా వెళ్లకూడదనే అనుకున్నాను," అంది ఆమె. గొంతులో కోపం లేదు. "ఇంట్లో ఏ కిటికీకి ఏ తెర వెయ్యాలో కూడా ఇన్నేళ్లూ మీరే చెప్పారు. మొదటిసారి నీ ఇష్టం అన్నారని వీడొచ్చి చెప్పాడు. ఆ ఒక్క మాటకే ఉండిపోదామనుకున్నాను. అది మీ నోటితో ఎప్పుడంటారా అని అలిగి పదకొండు రోజులు చూశాను. రేపు పదింటికి రానని ఫోను చేద్దామనుకున్నాను."

"మరింకేం?"

"ఆ మాట మీది కాదుగా." ఆమె కారు తలుపు మీద చెయ్యి వేసింది. "నిన్న నన్ను ముందు నడవమన్నారట. ఎందుకో చెప్పండి."

అబద్ధం సర్వేయరుకి చేతకాదు. "గుర్తులున్నాయి కదా, తప్పిపోవని."

ఆమె తల ఊపింది. అలా ఊపినప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అక్కా, బావ ఉద్దేశం అది కాదు," అని తమ్ముడు మొదలుపెట్టాడు.

"నువ్వు నోరుముయ్యి," అన్నారు ఇద్దరూ ఒక్క గొంతుతో.

తిరుగు ప్రయాణంలో టీచరమ్మ ముందు సీట్లో కూర్చుంది. తమ్ముణ్ణి వెనక సీట్లోకి తోసేశారు. ఆ మూడు గంటలూ, కొత్త ఇంటికి ఏ సామాను వెళ్లాలో, ఏది ఇక్కడే ఉండాలో, భార్యాభర్తలిద్దరూ ఎంతో సఖ్యంగా మాట్లాడుకున్నారు.