తొమ్మిదో నంబరు మెడ

మనిషి హోదా పదవిలో ఉండదు, మెడలో ఉంటుంది. ప్రొద్దుటూరు బొమ్మల సినిమా పరిశ్రమ (బట్టల కొట్టు మీద ఒక గది, మూడు కంప్యూటర్లు, ఒక ఫ్యాను) ఈ సత్యాన్ని నిర్ధారించి, పాత్రలకు ఒకటి నుంచి పది దాకా హోదా నంబర్లు కేటాయించింది. నంబరు పెరిగేకొద్దీ మెడ తిరగడం తగ్గుతుంది. ఎనిమిది దాటినవాళ్లు ముందుగా నవ్వరాదు. రెండో నంబరువాళ్లు కుర్చీ అంచున కూర్చుని, చెవి తడుముకుని, నవ్వి, ఆ తర్వాతే నోరు తెరవాలి.

పౌర సహన శాఖ కోసం తీస్తున్న 'కార్యాలయంలో మెలగడం ఎలా?' అనే బొమ్మల చిత్రంలో తొమ్మిదో నంబరు అధికారి వేషం శేషాచలానికి దక్కింది. ఆయన చేసి చూపిస్తే వీడియో తీసి, దాన్నిబట్టి బొమ్మ గీస్తారు. జమ్మలమడుగు కాలేజీలో అర్థశాస్త్రం చెప్పి రిటైరైన మనిషి. నెరిసిన మీసం, కళ్లద్దాలు. దూరం నుంచి చూస్తే అధికారే.

అర్జీదారుగా కింద టీ అంగడి షంషుద్దీన్ లోపలికొచ్చాడు. శేషాచలం లేచి నిలబడ్డారు.

"రాప్పా, కూర్చో."

"సార్, మళ్లీ లేస్తాండారు," అంది దర్శకురాలు నీరజ. "తొమ్మిదో నంబరు లేయకూడదు."

"ఎండన పడి వచ్చినాడు కదమ్మా."

"మెట్లెక్కి వచ్చినాడు సార్."

"మెట్లు కూడా శానా ఉండాయి," అన్నాడు షంషుద్దీన్.

బయట ఎక్కడైనా సాధన చేసి రమ్మని నీరజ ఆయన్ను పంపింది. సాధనకు చోటు ఆయన దగ్గర సిద్ధంగానే ఉంది. పులివెందులలో కాపురమున్నప్పుడు తీసుకున్న గ్యాస్ కనెక్షన్ భార్య అలివేలుమంగ పేరున ఉంది. ఆమె పోయి ఏడాదైంది. పేరు మారాలంటే కనెక్షన్‌దారు స్వయంగా వచ్చి వేలిముద్ర వేయాలని అక్కడి గ్యాస్ ఆఫీసు మేనేజరు అనంతకృష్ణ చెప్పాడు (చనిపోయినవారికి మినహాయింపు లేదు). అప్పటిదాకా కొత్త సిలిండర్ రాదు. పొరుగింటి ప్రమీలమ్మ ఇచ్చిన సిలిండర్ మీదే ఆయన పొయ్యి వెలుగుతోంది. కంప్యూటర్‌లో మాత్రం అలివేలుమంగ ఇంకా 'చురుకైన వినియోగదారు'. ఆమెను గురించి అంత మంచి మాట ఈ మధ్య ఎవరూ అనకపోవడంతో, ఆ తెర చూసినప్పుడల్లా ఆయనకు కొంత హాయిగానే ఉండేది.

ఈసారి శేషాచలం నవ్వకుండా వెళ్లారు. ఎవరూ చెప్పకముందే కుర్చీ నిండా కూర్చున్నారు.

"ఏంది పెద్దాయనా?" అన్నాడు అనంతకృష్ణ.

శేషాచలం మెడ తిప్పలేదు. ఒక శ్వాస తీశారు, వదిలారు. ఆ వ్యవధిలో అనంతకృష్ణ లేచి నిలబడి చొక్కా సర్దుకున్నాడు.

"సార్... తమరు యాడ నుంచి?"

"ప్రొద్దుటూరు."

ఆ ఒక్క మాటతో ఫ్యాను ఆయన వైపు తిరిగింది. మరణ ధ్రువపత్రం ఉంటే చాలనే నిబంధన ఒకటి ఎక్కడినుంచో బయటపడింది. కంప్యూటర్‌లో శేషాచలం అనే పేరు సగం దాకా ఎక్కింది.

అప్పుడు ఊడ్చే నిర్మలమ్మ టీ తెచ్చింది. శేషాచలం సగం లేచి, రెండు చేతులతో గ్లాసు అందుకున్నారు.

"నువ్వు తాగినావా తల్లీ?"

నిర్మలమ్మ ఇటూ అటూ చూసింది. ఆ ఆఫీసులో ఆ ప్రశ్న ఎవరికి వేస్తారో ఆమెకు తెలియదు. అనంతకృష్ణకు మాత్రం అంతా తెలిసిపోయింది. నిదానంగా కూర్చుని, ఎక్కిన సగం పేరూ చెరిపేశాడు.

"పెద్దాయనా, వేలిముద్రకు ఆయమ్మనే పిల్చకరాండి."

స్టూడియోలో నీరజ వేషాలు మార్చేసింది. షంషుద్దీన్ కుర్చీలో వాలి, మెడ బిగించి, ఎవరినీ చూడకుండా కూర్చున్నాడు. ఎంతమంది ఆఫీసర్లకు టీ ఇచ్చాడో, ఏమీ నేర్పాల్సిన పని పడలేదు. శేషాచలం లోపలికొచ్చి, అంచున కూర్చుని, చెవి తడుముకుని, నవ్వారు. మొదటి టేకే ఖాయమైంది.

"భలే చేసినారు సార్. యాడ నేర్చుకున్నారు?"

"ఊరికే వచ్చేసిందమ్మా," అన్నారాయన.

చిత్రం పూర్తై అన్ని కార్యాలయాల టీవీల్లోకీ చేరింది. పులివెందుల గ్యాస్ ఆఫీసులోనూ రోజంతా ఆడుతోంది. మొన్న క్యూలో శేషాచలం వంతు రాగానే ఆయన పేరు మార్పు సంగతి కొంచెం గట్టిగా అడిగారట. అనంతకృష్ణ ఓపిగ్గా టీవీ వైపు చెయ్యి చూపించాడు.

"ఆ బొమ్మను చూసి నేర్చుకోండి పెద్దాయనా. అర్జీ పెట్టుకునే మనిషంటే అట్లుండాల."