వెనక బ్లాకు స్వాతంత్ర్యానికి కారణాలు

సామ్రాజ్యాలు ఎందుకు కూలిపోతాయో క్షుణ్ణంగా తెలిసిన మనిషితో కాపురం పగవాళ్లకి కూడా వద్దు. హరిచందనకి సరిగ్గా అలాంటి భర్తే దొరికాడు. విజయభాస్కర్ ఉప్పల్‌లో ఒక కాలేజీలో చరిత్ర చెబుతాడు. అమెరికా వలసలు ఇంగ్లండు రాజు మీద ఎందుకు తిరగబడ్డాయన్న పాఠం ఆయన నోట్లో నానినంతగా, ఆ ఇంట్లో మినప్పప్పు కూడా నానదు.

నాచారంలో వాళ్లుండే మందార ఎన్‌క్లేవ్ సంఘానికి అధ్యక్షుడూ ఆయనే. రోడ్డు వైపు పాత బ్లాకు, దాని వెనక కొత్త బ్లాకు. మెయింటెనెన్స్ రెండు బ్లాకులూ కట్టాలి. ఓటు మాత్రం పాత బ్లాకుకే. (వెనక బ్లాకు వాళ్లకి ఓటు వేసేంత పరిణతి ఇంకా రాలేదని సంఘం అభిప్రాయం. వాళ్లలో కొందరు తాతలయ్యారు.) అయితే వాళ్లు మీటింగుకి రావచ్చు, కూర్చోవచ్చు, టీ తాగవచ్చు. ఆ టీ పెట్టేది హరిచందన.

మొదట పాత బ్లాకు చుట్టాల కార్లు వెనక బ్లాకు సెల్లార్లో మకాం వేశాయి. తర్వాత, వెనక బ్లాకు వాళ్లు డాబా మీద బట్టలు ఆరేసుకోవాలంటే ఎండ కోసం యాప్‌లో దరఖాస్తు పెట్టుకోవాలన్నారు. అనుమతి వచ్చేసరికి సాధారణంగా వానొచ్చేది.

మీటింగులో బుచ్చిరాములు లేచాడు. వెనక బ్లాకులో ఉంటాడు, ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు.

"సార్, పైసలు మేం గూడ కడుతున్నం. మీ బోరు ఎండినకాడికెల్లి నీళ్లు గూడ మా బోరుకెల్లే వస్తున్నయ్. జర మాక్కూడ ఓటియ్యున్రి."

"మీ బాగోగులు మేం చూడట్లేదా బుచ్చిరాములు గారూ? టీ తీసుకోండి," అన్నాడు అధ్యక్షుడు.

బుచ్చిరాములు భార్య సంతోషి కప్పు తీసుకుంది. నింపాదిగా నడిచి వెళ్లి క్రోటన్ కుండీలో వంపేసింది. ఆమె వెనకే బ్లాకు బ్లాకంతా కప్పులతో వరస కట్టింది.

"ఏమనుకోకు వదినా, నీ చాయ్ మంచిగనే ఉంటది. మా కొట్లాట చాయ్‌తోని కాదు," అంది సంతోషి.

హరిచందన ఏమీ అనుకోలేదు. తర్వాతి మీటింగు నుంచి చక్కెర మాత్రం తగ్గించింది, మొక్కలకి మంచిది కాదని.

టీ కుండీ పాలైన రోజు ఇంటికొచ్చాక భర్తని అడిగింది. "ఏమండీ, మీ పాఠంలో ఇప్పుడు ఎన్నో కారణం దగ్గరున్నాం?"

"అది పద్దెనిమిదో శతాబ్దం. ఇది నాచారం," అన్నాడాయన, చర్చ ముగిస్తూ.

ఎండలు ముదిరాయి. వెనక బ్లాకు సొంత సంఘం పెట్టుకుని, సెల్లారుకి గొలుసు వేసి, తమ పెరట్లోని బోరు వాల్వు కట్టేసింది. ఈ చారిత్రక పరిణామం విజయభాస్కర్‌కి బాత్‌రూములో, తలంతా షాంపూ నురగతో ఉండగా తెలిసింది.

"చందనా! ట్యాంకు నిండలేదా?"

"నిండిందండీ. వాళ్లది."

నురగ కంట్లోకి దిగాక వెంటిలేటరు తెరుచుకుంది.

"బుచ్చిరాములు గారూ! తప్పు నాదేనండీ! మీకు ఎప్పుడో ఓటు ఇవ్వాల్సింది! వాల్వు తిప్పించండి!"

ఎదురు బాల్కనీలో బుచ్చిరాములు పేపరు మడిచాడు.

"గట్లనే సార్. పొద్దుమీకి మీటింగుల పెడతం. మీరు గూడ రాన్రి, కూసోన్రి. ఓటైతే ఉండది గనీ, చాయ్ ఉంటది. మా చందనక్కనే పెడ్తనన్నది."