నీళ్ల ట్యాంకు శుభలేఖ

ఆ ఉదయం డిజైనర్ వేసుకున్న పథకం చాలా చిన్నది. కాఫీ తాగడం, నోటీసు ఒకటి తయారుచేసి మెట్ల దగ్గర అంటించడం, ఆపైన ప్రెస్సుకు వెళ్లి తన డిజైన్ల పని చూసుకోవడం. నోటీసు వేయమన్నది అపార్ట్‌మెంట్ సెక్రటరీ. ఆయన మాట కాదనే పరిస్థితి లేదు. కింద ఖాళీగా ఉన్న గది ఆయనదే మరి. డిజైనర్ భార్య కుట్టుమిషన్ మంచానికీ బీరువాకీ మధ్య ఇరుక్కుని ఏళ్లయింది. ఆ గది దొరికితే ఆవిడ టైలరింగ్ కొట్టు పెట్టుకుంటుంది. సెల్‌ఫోన్లు బాగుచేసేవాడొకడు అదే గది కోసం సెక్రటరీ చుట్టూ తిరుగుతున్నాడు.

"ఇవాళ తాళాలిస్తానన్నారు. ఆయనకి చిరాకు తెప్పించకండి," అంది భార్య.

"నోటీసే కదా, చిటికెలో పని!"

చిటికెలో అయ్యేదే. కానీ ముందురోజే అతని కంప్యూటర్లోకి కొత్త ఫాంటొకటి వచ్చింది. అక్షరాల విషయంలో అతను చంటిపిల్లాడితో సమానం, కొత్తది కనబడితే చేతులు ఊరుకోవు. ఈ ఫాంటులో నిలువు గీతలు స్తంభాల్లా లావు, మలుపు తిరిగేచోట వెంట్రుకంత సన్నం. ప్రతి గీతకూ అడుగున చిన్న పాదం, తలకట్టు కొసన తీగలాంటి మెలిక. పెద్ద సైజులో ఒక్క మాట వేస్తే తెర మీంచి లేచి వచ్చేలా ఉంది. మరి పది మాటలు వేస్తే ఎలా ఉంటుంది? అదేదో చూడకపోతే అతనికి ఆ రోజు అన్నం సహించదు.

'ఉదయం పది గంటలకు డాబాపై ట్యాంకు కడుగుతారు. మధ్యాహ్నం దాకా నీళ్లు రావు. ముందుగానే పట్టి ఉంచుకోగలరు.' పది గంటలు, డాబా అన్న ముక్కలను మరికాస్త పెంచాడు. ప్రెస్సు నుంచి తెచ్చుకున్న మీగడరంగు అట్ట మీద అచ్చు తీశాడు.

"ఎవరి పెళ్లండీ?" అంది భార్య అట్ట చూసి.

"ట్యాంకుది," అన్నాడు మురిసిపోతూ.

"చదవడానికి వీలుగా వేస్తే ఏం పోయింది?"

"ఇంత అందంగా ఉంటే చదవకుండా ఎవడు వెళ్తాడు?"

పప్పులో కాలేసింది అక్కడే. అందరూ ఆగి చూశారు, ఎవరూ చదవలేదు. ఆ మెలికల గుంపులోంచి పది గంటలు, డాబా అన్నవి మాత్రం కళ్లకు ఆనాయి.

రెండో అంతస్తు లెక్చరర్ వెనక్కి తిరిగి మెట్లెక్కేశారు. "పైన ఫంక్షనట. తెల్ల చొక్కా ఎక్కడుందో చూడు."

"ఎవరిదండీ?" అంది ఆయన భార్య.

"ఎవరిదైతే ఏం, అట్ట చూస్తే గొప్పవాళ్లదే."

ఎదురింటావిడ తనను ఎవరూ ప్రత్యేకంగా పిలవలేదని అలిగింది. అలిగినట్టు తెలియాలంటే అక్కడికి వెళ్లాలి కాబట్టి పట్టుచీర తీసింది. ఇక సెక్రటరీకి, ఈ అట్ట తానడిగిన నోటీసేనని తోచనే లేదు. తనకు చెప్పకుండా తన డాబా మీద ఏం చేస్తున్నారని మొదట కోపం వచ్చింది. చెప్పలేదంటే తనకే సన్మానం అయివుంటుందని తట్టేసరికి, ఆ కోపం పోయి పాత కోటు బయటికి వచ్చింది.

పదింటికి డాబా నిండిపోయింది. ట్యాంకులోంచి బురద ముఖమొకటి పైకి లేచింది. ఎవరో చప్పట్లు కొట్టారు, వెంటనే అందరూ కొట్టారు.

"నేనేం చేశానండీ?" అన్నాడు ట్యాంకు కడిగేవాడు బెదిరిపోయి.

సెక్రటరీ గొంతు సవరించుకుని, "ఇంతటి అభిమానానికి నేను..." అని చెయ్యెత్తబోయాడు. అదే సమయానికి కింది కిటికీలోంచి ఓ కేక వినబడింది. "నీళ్లేవీ? తలంతా సబ్బు!"

డిజైనర్ మెల్లగా ముందుకొచ్చాడు. "అది నోటీసండీ. మీరు వేయమన్న ట్యాంకు నోటీసు."

"సన్మానం కాదా?"

"కాదండీ."

"నన్ను వెర్రివాణ్ణి చేస్తావా? గది ఆ ఫోన్లవాడికే ఇస్తాను, పో!"

డిజైనర్‌కు ఇక భార్య ముఖం చూసే ధైర్యం లేకపోయింది. సెక్రటరీ విసురుగా వెనుదిరిగాడు. కోటు వీపు నిలువునా పర్రుమని చిరిగింది. జనం నవ్వాపుకోలేక తలలు దించుకున్నారు.

నవ్వనిది డిజైనర్ భార్య ఒక్కతే. చిరుగు కనబడితే ఆవిడకు ఇంకేమీ కనబడదు. పైటకు గుచ్చిన సూది తీసి, "కదలకండి బాబాయిగారూ, పొడుచుకుంటుంది," అంటూ నిలబెట్టే కుట్టేసింది. "బట్ట బంగారం. మీరు పెరిగారు, పాపం అది పెరగలేదు. రెండు వైపులా విప్పి వదులు చేస్తే ఇంకో పదేళ్లొస్తుంది."

సెక్రటరీ భుజాలు కదిపి చూసుకున్నాడు. కోపం సగం దిగింది.

"అయితే ఈ కాలరు కూడా చూడమ్మా, ఊపిరాడట్లేదు," అన్నారు లెక్చరర్. ఎదురింటావిడ అలక మానేసి తన జాకెట్టు చంక బిగుతు సంగతి చెవిలో చెప్పింది. ఎప్పుడో కుట్టించిన బట్టల్లోకి దూరి వచ్చినవాళ్లే అందరూ. కుళాయిల్లో నీళ్లొచ్చేసరికి డిజైనర్ ఇంట్లో మంచం కనబడనన్ని బట్టలు చేరాయి. కోటు ఇవ్వడానికి వచ్చిన సెక్రటరీ గుమ్మం దాటి అడుగు పెట్టలేకపోయాడు.

"ఇందులో నా కోటు పోతే? ఇవిగో తాళాలు, ముందు కిందికి మార్చమ్మా!"

సాయంత్రం డిజైనర్ లెంపలేసుకుని, కొట్టు బోర్డుకు సాదా అక్షరాలు వేసి భార్యకు చూపించాడు.

"పొద్దుటివి ఏమయ్యాయి?" అందావిడ.

"చదవడానికి వీలుగా ఉండాలన్నావుగా."

"ఇవాళ వచ్చినవాళ్లలో చదివి వచ్చింది ఎవరండీ? అవే వెయ్యండి. టైలర్ అని ఒక్కటే మాట, పెద్దగా."

వేశాడు. ఒక్క మాటగా ఆ అక్షరాలు ఎంత దర్జాగా ఉన్నాయో చూసుకుని అతని కడుపు నిండిపోయింది. మర్నాడు కొట్టు తెరిచేసరికే నలుగురు నిలబడి ఉన్నారు. వాళ్లలో చెంప పట్టుకున్న పెద్దమనిషి మాత్రం ఆ బోర్డు చూసి పన్ను పీకించుకోవడానికి వచ్చాడు.