రగ్గు కప్పుకున్న హీట్ పంపు

మధ్యాహ్నం బస్సుకి అత్తగారు దిగేలోపు ఇల్లు వెచ్చబడాలి. ఆ ఉదయం ఫిజిక్స్ మాస్టారు పెట్టుకున్న పని అదొక్కటే. కిందటి చలికాలం ఆవిడ రెండు రోజులుండి, ముక్కు తుడుచుకుంటూ పెద్దల్లుడి ఇంటికి వెళ్లిపోయారు. ఆ తోడల్లుడు ఫోన్ చేసినప్పుడల్లా "అత్తయ్యకి మా ఇంట్లో ఉక్కపోసిందట" అని ఒక్క ముక్క తగిలించేవాడు. అందుకే మాస్టారు ఈసారి హీట్ పంపు పెట్టించి, అత్తగారిని తానే పిలిచారు.

"బయట ఎంత చలున్నా గాలిలో కాస్త వేడుంటుంది. ఈ మిషన్ దాన్ని తోడి ఇంట్లో పోస్తుంది. ఎండాకాలంలో ఇంట్లో వేడిని తోడి బయట పారబోస్తుంది" అని గుమ్మం తొక్కిన ప్రతివాళ్లకూ చెప్పారు. పోస్ట్‌మాన్‌కు రెండుసార్లు చెప్పారు.

టిఫిన్ చేసి పెరట్లోకి వెళ్లి చూస్తే, గోడ పక్కన పెట్టిన మిషన్ మీద మంచు పేరుకుంది. ఫ్యాను చల్లగాలి ఊదుతోంది. మాస్టారు భార్యను కేకేశారు.

"చూశావా, దీనికే చలేస్తోంది. ఇక ఇంటికేం వేడి ఇస్తుంది?"

"ఇల్లు బాగానే ఉంది కదండీ" అంది భార్య.

"ఇప్పుడుంటే సరిపోతుందా? మీ అమ్మ వచ్చేదాకా ఉండాలి."

ఆయన తన రగ్గు తెచ్చి మిషన్‌కు చుట్టి, బట్టలారేసే తాడుతో కట్టారు. కాసేపటికి హాలు చల్లబడింది.

"ఒక్కటి చాల్లేదు" అని భార్య రగ్గు తెచ్చారు. హాలు ఇంకా చల్లబడింది. అతిథి గదిలో అత్తగారి కోసం పరిచిన రెండూ వెళ్లాయి. మిషన్ గుర్రుపెట్టింది.

"అదిగో, ఇప్పుడు హాయిగా ఉంది దానికి" అన్నారు మాస్టారు.

"మనకో?" అంది భార్య, స్వెటర్ మీద స్వెటర్ వేసుకుంటూ.

అత్తగారు వచ్చారు. గుమ్మంలో చెప్పులు విడిచి, నేల మీద కాలు పెట్టి, మళ్లీ చెప్పులు వేసుకున్నారు.

"అల్లుడుగారూ, దీనికంటే బస్టాండే నయం. ఏమ్మా, ఒక రగ్గియ్యి."

"రగ్గులన్నీ మిషన్‌కి కప్పారమ్మా."

ఆవిడ అల్లుడి వైపు చూసి, కూతురి వైపు తిరిగారు. "అయితే పెద్దల్లుడికి ఫోన్ కలుపు."

మాస్టారు పెరట్లోకి పరుగెత్తి తాడు విప్పారు. ఒక రగ్గు తెచ్చి భుజాలకు కప్పారు. "కాళ్లకి?" అన్నారు అత్తగారు. ఇంకొకటి తెచ్చారు. "నడుముకి?" మూడోది తెచ్చారు. నాలుగోది లాగేసరికి మిషన్ పెద్దగా ఊపిరి తీసుకుని, ఆయన మొహం మీద చల్లగాలి కొట్టింది.

లోపలి నుంచి భార్య కేక వేసింది. "ఏమండీ, వేడొస్తోంది!"

మాస్టారు రగ్గు చంకలో పెట్టుకుని అక్కడే నిలబడ్డారు. వేడి తోడుకోవడానికి దానికి గాలి కావాలి. తోడుకున్నాక మిగిలేది చల్లగాలే. పోస్ట్‌మాన్‌కైనా తెలిసుంటుంది.

లోపలికొచ్చి కుర్చీలో కూలబడ్డారు. "ఇన్నేళ్లుగా ఉష్ణం పాఠం చెబుతున్నానే. నా క్లాసు పిల్లలు ఎలా పాసయ్యారంటావు?"

"మీ పాఠం విని ఉండరులెండి."

ఫోన్ మోగింది. తోడల్లుడే. అత్తగారు రగ్గులు ఒక్కొక్కటే పక్కకు నెడుతూ మాట్లాడారు. "లేదు బాబూ, ఇక్కడే ఉంటాను. ఉక్కపోస్తోంది కూడా."

మాస్టారు కాలరు సర్దుకున్నారు. భార్య నాలుగు రగ్గులూ మడిచి బీరువాలో పెట్టి, తాళంచెవి తన కొంగున కట్టుకుంది.