పాటల బెడద లేని ఆల్బమ్

సంగీతాన్ని ఇన్నాళ్ళూ పట్టి పీడించిన జబ్బు ఏమిటో మీకు తెలుసా? పాటలు!

ఉలిక్కిపడకండి. ముందు చదవండి, తర్వాత తీరిగ్గా తిడుదురుగాని.

అసలు పాట వినడం అంటే ఎంత కష్టమో ఎప్పుడైనా ఆలోచించారా? ఒకచోట కుదురుగా కూర్చోవాలి. నోరు మూసుకోవాలి. మధ్యలో ఫోన్ వస్తే ఎత్తకూడదు. పల్లవి అయ్యాక చరణం ఉంటుంది, చరణం అయ్యాక ఇంకో చరణం ఉంటుంది. ఏ పాపం చేశామని మనకీ శిక్ష? ఈ బాధ నుంచి మనల్ని గట్టెక్కించడానికే ప్రచారం అనే మహత్తరమైన ఏర్పాటు వచ్చింది. మీరు ముద్దుగా ప్రమోషన్ అంటారు. దాన్ని ఆడిపోసుకునే పెద్దమనుషులు చాలామందే ఉన్నారు. నేను మాత్రం రెండు చేతులూ ఎత్తి దండం పెడతాను. ఎందుకో తెలియాలంటే మా ఇంటి మేడ మీద ఏం జరిగిందో మీరు వినాలి.

మా బావమరిదికి ఒక బ్యాండ్ ఉంది. మామూలు బ్యాండ్ కాదు, ఇండిపెండెంట్ బ్యాండ్. అంటే ఏ కంపెనీ మీదా ఆధారపడదు. మా మేడ మీది గది, మా ఇంటి కరెంటు, మా ఆవిడ పెట్టే కాఫీ, వీటి మీద మాత్రమే ఆధారపడుతుంది. గది గోడల నిండా కోడిగుడ్ల అట్టలు అంటించారు, శబ్దం బయటికి పోకుండా. ఆ గుడ్లన్నీ తిన్నది నేనే. కళాసేవ అంటే గిటారు పట్టుకోవడమే అనుకునేవాళ్ళు ఈ సంగతి గమనించాలి.

బ్యాండ్‌లో ఉన్నది నలుగురు. మావాడు చాలావరకు పాటలు రాసి గిటారు వాయిస్తాడు. చిన్నపిల్లల బళ్ళో చెప్పే టీచరమ్మ పాడుతుంది. బేస్ గిటారు వాయించే ఆయన పళ్ళ డాక్టరు. డ్రమ్స్ వాయించే ఆయన కళ్ళజోళ్ళ షాపులో సేల్స్‌మన్. ఈ డ్రమ్స్ ఆయన్ని జాగ్రత్తగా గుర్తుపెట్టుకోండి, మన కథకి యుగపురుషుడు ఆయనే.

రెండేళ్ళు కిందా మీదా పడి ఎనిమిది పాటలు చేశారు. రికార్డింగ్ కూడా అయిపోయింది. ఆల్బమ్ పేరు ‘నాన్న నిద్రపోతున్నాడు’. అందులో చివరి పాట పేరు కూడా అదే.

ఆ పేరు ఎందుకంటే, మా మామగారు ఉద్యోగం చేసినన్నాళ్ళూ రాత్రి షిఫ్టే చేశారు. పగలంతా పడుకునేవారు. ఉన్నది ఒకటే గది. కాబట్టి మా ఆవిడా, వాళ్ళ తమ్ముడూ గుసగుసలతోనే పెరిగారు. ఇప్పటికీ మా ఆవిడ గిన్నెలు తోమితే చప్పుడు రాదు. తలుపు వేస్తే వేసినట్టే తెలియదు. నన్ను తిట్టేటప్పుడు కూడా గొంతు పెంచదు, గుసగుసగానే తిడుతుంది. అది ఇంకా భయంకరంగా ఉంటుంది లెండి. మామగారు కాలం చేసిన ఏడాదే మావాడు ఈ పాట రాశాడు.

“మిగతా ఏడు పాటలూ ఏ గంగలో కలిసినా ఫర్వాలేదు బావా,” అన్నాడు ఒకరోజు. “ఇది మాత్రం అక్క మొదటినుంచి చివరిదాకా వినాలి. ఇప్పుడే వినిపించను. రిలీజ్ అయ్యాక, అందరితోపాటు వినాలి.”

“ఇప్పుడే వినిపిస్తే నీ సొమ్మేం పోయింది?”

“అప్పుడది నా గొడవ అవుతుంది బావా. పదిమందీ వింటుంటే, అది పాట అవుతుంది.”

చూశారా అమాయకత్వం? పదిమందీ వింటారట!

పాటలు పూర్తయిన మర్నాడు డ్రమ్స్ ఆయన అందరినీ కూర్చోబెట్టి, “పిచ్చి పనులు అయిపోయాయి కదా, ఇక అసలు పని మొదలెడదాం,” అన్నాడు. ఆ రోజునుంచీ ప్రమోషన్ బాధ్యత ఆయనదే. డ్రమ్స్ ముట్టుకుంటే ఒట్టు. పెద్ద డ్రమ్ము మీద లైటు వెలిసింది, చిన్న డ్రమ్ము మీద ఫోను స్టాండు వెలిసింది. ఇత్తడి తాళాల మీద టీచరమ్మ తడి గొడుగు ఆరేసేది. పరికరాలకు ఇంత ప్రయోజనం ఉందని మనకెవరికైనా తెలుసా?

ముందు ఫోటోలు తీశారు. పెచ్చులూడిన గోడ కావాలన్నారు. మా పెరటి గోడ ఎంపికైంది. నలుగురూ నాలుగు దిక్కులు చూస్తూ నిలబడాలి. నవ్వితే ఇండిపెండెంట్ కాదట. పాపం పళ్ళ డాక్టరు తన పలువరుస కనపడాలని చాలా ఆశపడ్డాడు, నోరు మూయించారు. చూసిన మా అత్తగారు, “ఎవరైనా పోయారా నాయనా?” అని అడిగింది. డ్రమ్స్ ఆయన పొంగిపోయాడు. సరిగ్గా ఆ ఎఫెక్టే కావాలట.

తర్వాత రిలీజ్ తేదీ ప్రకటించాలి. కానీ ఉట్టినే ప్రకటించేస్తే ఎలా? తేదీని ఫలానా తేదీన ప్రకటిస్తామని ముందు ప్రకటించారు. ఆ ప్రకటన వస్తోందని ఒక పోస్టర్ వేశారు. పోస్టర్ ఎలా తయారైందో చూపిస్తూ ఒక వీడియో, ఆ వీడియో తీస్తున్నప్పుడు పళ్ళ డాక్టరు కుర్చీలోంచి పడిపోయినది ఇంకో వీడియో. అన్నిటికన్నా ఎక్కువమంది చూసింది చివరిదే. ఆ విజయంతో ఆయన్ని మళ్ళీ పడమన్నారు. పడ్డాడు. త్యాగం అంటే అదీ.

ఇంతలో టీజర్లు రావలసిన వేళ అయింది. ఒక్కో పాటలోంచి పదిహేను సెకన్ల ముక్క కోయాలి. ఏడు పాటలూ సునాయాసంగా తెగాయి. ఎనిమిదోది, ఆ నాన్న పాట దగ్గర చిక్కొచ్చింది.

“ఇందులో మొదట ఏమీ వినపడటం లేదేంటి?” అన్నాడు డ్రమ్స్ ఆయన.

“గుసగుస కదా,” అన్నాడు మావాడు.

“వినపడకపోతే జనం వేలు ఆగదు అన్నా. పైకి తోసేస్తారు.”

“చెవి దగ్గర పెట్టుకుంటారులే.”

ఆ మాటకి డ్రమ్స్ ఆయన చాలాసేపు నవ్వాడు. తర్వాత పాట చివరికి వెళ్ళాడు. అక్కడ టీచరమ్మ గొంతెత్తి, ‘లే నాన్నా, లే!’ అని పాడే ముక్క ఉంది. ఆయన మొహం వెలిగిపోయింది. మావాడు ఆ ఒక్క ముక్కా వద్దన్నాడు. ఎందుకు వద్దో మాత్రం చెప్పలేకపోయాడు. గుసగుసలతో పెరిగినవాడికి వాదించడం ఎక్కడినుంచి వస్తుంది? ముక్క తెగింది.

ఇక చూడండి వైభవం! ఊరూవాడా ‘లే నాన్నా, లే!’ మొదలైంది. ఆ ముక్క పెట్టి నిద్రపోతున్న పిల్లుల్ని లేపారు. సోఫాలో గుర్రు పెట్టే మొగుళ్ళ మొహాన నీళ్ళు కొట్టి లేపారు. మీటింగులో కునుకు తీస్తున్న మేనేజర్‌ని లేపిన ఒక ధీరుడి ఉద్యోగం పోయిందని కూడా విన్నాను. ఒకావిడ చపాతీ పిండి కప్పిన గుడ్డ తీసి, పిండిని లేపింది. నేనూ ఆ ముక్కనే నా ఫోన్‌లో అలారంగా పెట్టుకున్నాను. బావమరిదికి ఆ మాత్రం ప్రోత్సాహం ఇవ్వకపోతే ఎలా? మా ఆవిడ మాత్రం రోజూ నాకన్నా ముందే లేచి, అది మోగేలోపే ఆపేసేది.

రిలీజ్ రోజు రానే వచ్చింది. చిన్న హాలు తీసుకున్నారు. కేకు కోశారు. వచ్చినవాళ్ళంతా వెనక బ్యానర్ పడేలా వీడియోలు తీసుకుని, ‘ఆల్బమ్ వచ్చేసింది’ అని ప్రపంచానికి చాటారు. పాటలు వెయ్యలేదేమిటని మీకు అనుమానం రావచ్చు. వేస్తే వీడియోల్లో మాటలు వినపడవు కదండీ!

మర్నాటినుంచి పొగడ్తలే పొగడ్తలు. ‘ఆల్బమ్ మొత్తం విన్నా, మతి పోయింది’ అని ఒకరు. ‘రెండో సగంలో లోతు ఎక్కువ’ అని ఇంకొకరు. సంగీతం మీద వ్యాసాలు రాసే ఒక పెద్దాయన, ‘చివరి పాట ముగిశాక ఆవరించే నిశ్శబ్దం నన్ను వెంటాడుతోంది’ అని రాశాడు. మావాళ్ళ కాళ్ళు నేల మీద లేవు. మావాడు మాత్రం రోజూ వాళ్ళక్క మొహం చూసేవాడు. వింటే ఏదో ఒకటి అంటుంది కదా అని.

ఆవిడకి తీరిక దొరికేసరికి వారం పట్టింది. ఒక సాయంత్రం పొయ్యి మీద పాలు పెట్టి, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నిలబడింది. పాలు పొంగకముందే ఇయర్‌ఫోన్లు తీసేసింది.

“ఏమిట్రా ఇది? పాట మొదలైందనుకునేలోపే ఆగిపోతోంది,” అంది తమ్ముడితో. “ఎనిమిదీ అంతే. నా ఫోన్ పాడైందేమో చూడు.”

ఫోన్ నిక్షేపంలా ఉంది. జరిగిందేమిటంటే, డ్రమ్స్ ఆయన కంప్యూటర్‌లో పాటలు ఒకచోట, టీజర్లు ఒకచోట, రెండిటికీ అవే పేర్లు. నెలల తరబడి టీజర్లే తెరిచి తెరిచి, ఆయన చెయ్యి అలవాటుగా అక్కడికే పోయింది. ఆల్బమ్ అని లోకం మీదికి వదిలినవి ఆ ఎనిమిది ముక్కలే! ఊరంతా విన్నానని చెప్పుకుంది. బ్యాండ్‌లో నలుగురూ ఫోన్లలో పదిమందికీ పంపారు. ఒక్కరూ కనిపెట్టలేదు.

“పెట్టేముందు ఒకసారి వినలేదా?” అని అడిగాను డ్రమ్స్ ఆయన్ని.

“ప్రమోషన్‌లో ఉన్నాం కదండీ,” అన్నాడు. న్యాయమే కదా?

మేడ మీద అత్యవసర సమావేశం జరిగింది. అసలు పాటలు పెట్టేద్దాం అన్నాడు మావాడు. “హిట్టయిన దాన్ని ఎవరైనా ముట్టుకుంటారా అన్నా? ఎవరికి తెలిసింది? మీ అక్కకొక్కర్తికే కదా,” అన్నాడు డ్రమ్స్ ఆయన. సరే, ప్రయోగం చేద్దామని పళ్ళ డాక్టరు రాసిన ప్రేమపాట ఒక్కటి పూర్తిగా పెట్టి చూశారు. పూట గడవకుండానే జనం విరుచుకుపడ్డారు. ‘ఎందుకిలా సాగదీశారు?’, ‘పాతదే బాగుంది’, ‘మధ్యలో ఈ వాయిద్యాల గోలేంటి?’ పళ్ళ డాక్టరు మనసు విరిగి, తన చేత్తో తనే తీసేశాడు. పళ్ళు తీసిన చెయ్యి కాబట్టి తడబడలేదు. చివరికి ఓటుకి పెట్టి చేతులెత్తమన్నారు. ముగ్గురు ఉన్నవే ఉంచుదామన్నారు. అసలు పాటలు ఆ కంప్యూటర్‌లోనే ఉండిపోయాయి.

మావాడు గిటారు తీసుకుని కిందికి వచ్చాడు. వంటింట్లో మా ఆవిడ కూర తరుగుతోంది.

“నా పాట ఏదిరా?” అంది.

“నాకంత గొంతు లేదక్కా.”

“నీ గొంతు నాకు తెలీదా? పాడు.”

నేల మీద చతికిలబడి పాడాడు. నేను అలవాటు కొద్దీ ఫోన్ తీశాను. మా ఆవిడ ఒక్క చూపు చూసింది, జేబులో పెట్టేసుకున్నాను.

నిజమే, మొదట ఏమీ వినపడదు. దగ్గరికి జరిగి వినాలి. మునివేళ్ళ మీద నడిచే ఇద్దరు పిల్లలు. చెంచా కింద పడితే ఊపిరి బిగబట్టడం. దిండులో మొహం దాచుకుని నవ్వుకోవడం, పెదాలు కదిపి దెబ్బలాడుకోవడం. చప్పుడు చెయ్యకండి, నాన్న నిద్రపోతున్నాడు. చరణాలన్నీ గుసగుసే. చివరి చరణంలో ఆ గది నిండా జనం ఉంటారు. అందరూ గట్టిగా మాట్లాడుతుంటారు, గట్టిగా ఏడుస్తుంటారు. ఎవరూ ఎవర్నీ ష్ అనరు. అప్పుడు పెద్దవాళ్ళయిన ఆ పిల్లలిద్దరూ ఆయన పక్కన కూర్చుని, ఆ గదిలో మొట్టమొదటిసారి గొంతెత్తి అరుస్తారు. లే నాన్నా, లే.

అదే ముక్క. ఊరంతా పిల్లుల్ని లేపిన ముక్క.

మా ఆవిడ కత్తిపీట పక్కకి నెట్టి ఏడ్చింది. గుసగుసగా కాదు, గట్టిగా. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడ గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. పక్కింటివాళ్ళు కిటికీ తెరిచి చూశారు. మావాడు గిటారు పక్కన పెట్టి అక్క భుజం పట్టుకున్నాడు. నా సంగతి అడక్కండి.

ఇప్పుడు చెప్పండి, ఇది జరగాల్సిన పనేనా? ఆ రాత్రి కూర మాడింది. మర్నాడు ఆఫీసులో ఒక్క కాగితం కదల్లేదు. ఊరికే కూర్చోలేక మా నాన్నకి ఫోన్ చేసి, “పడుకున్నారా?” అని అడిగాను. “పట్టపగలు ఎవడు పడుకుంటాడురా, ఒంట్లో బాగుందా నీకు?” అన్నారు. బాగుందన్నాను. ఆయన ఊపిరి వింటూ కాసేపు ఫోన్ అలాగే పట్టుకుని ఉన్నాను.

ఒక్క పాట చివరిదాకా వింటే ఇంత నష్టం! ఎనిమిదీ వింటే కాపురాలు ఏం కావాలి, ఆఫీసులు ఏం కావాలి? కనుక అయ్యలారా, అమ్మలారా, దయచేసి ప్రచారాన్ని తిట్టకండి. పాటకీ మనకీ మధ్య గోడలా నిలబడి, మన గుండెల్ని పదిలంగా కాపాడుతున్నది అదొక్కటే. మీరు హాయిగా ఉండండి. ఆ పాట మీదాకా రాదు.